సికిందరాబాదు సెయింట్ మేరీస్: గుణదలకు పెద్దమ్మ

మా ఊరు ఆగిరిపల్లి. గుడి అంటే మాకు కొండమీది శోభనాచలుడే. కానీ చిన్నప్పుడు మొక్కు పేరు చెప్పి మా నాయనమ్మ నన్ను తీసుకెళ్ళిన మొదటి ఊరు మాత్రం గుణదల. ఫిబ్రవరిలో, మామిడి పూత పిందె కట్టే రోజుల్లో, నూజివీడు నుంచి వచ్చే బస్సులో నిలబడి బెజవాడ వెళ్ళి కొండెక్కాం. నా తలనీలాలు అక్కడే ఇచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. మరియమ్మ వేరే మతం దేవత అని నాకప్పుడు ఎవరూ చెప్పలేదు. నాయనమ్మకి తెలుసో లేదో నాకిప్పటికీ అనుమానమే.

ఇదంతా ఎందుకంటే, హైదరాబాదు వచ్చి పన్నెండేళ్ళయినా సికిందరాబాదు సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్ చర్చి గేటు దాటి లోపలికి పోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. బస్సు కిటికీలోంచి వందసార్లు చూసుంటాను. కోసుగా లేచిన ఆ కమానులు చూడగానే 'తెల్లవాళ్ళ చర్చి' అని మనసు దానికదే లేబుల్ అంటించేసేది. గుణదల మనది, ఇది వాళ్ళది. మొన్న ఒక ఆదివారం మా ఊరి మిత్రుడొకడు పనిమీద వచ్చి, "ఏరా, సెయింట్ మేరీస్ చూపించవా" అంటే మొదటిసారి లోపల అడుగుపెట్టాను. వాడిది తాతల కాలం నుంచీ ఆర్సీఎం కుటుంబం.

లోపల చూడాల్సింది చాలానే ఉంది. ఎత్తయిన కప్పు, రంగుల అద్దాల్లోంచి పడే వెలుగు, పీఠం మీద మరియమాత. 2008లో పోపు దీనికి బసిలికా హోదా ఇచ్చారు. అయితే నన్ను పట్టుకున్నది కట్టడం కాదు, కట్టినాయన కథ. ఇంటికొచ్చి రెండు వారాలు దానిమీదే చదువుతూ కూర్చున్నాను.

ఆయన పేరు డేనియల్ మర్ఫీ. ఇంగ్లీషువాడు కాడు. ఐర్లండులో కార్క్ ప్రాంతంవాడు. పుట్టింది 1815లో. అప్పటికి కేథలిక్కులకి బ్రిటిష్ పార్లమెంటులో కూర్చునే హక్కు లేదు. అది 1829 చట్టంతో గానీ రాలేదు. అంటే మర్ఫీ తన సొంత దేశంలోనే పాలితుడు. 1830 నాటికి బ్రిటిష్ సైన్యంలో నూటికి నలభైమందికి పైగా ఐరిష్‌వాళ్ళే. పొలం లేక, పని లేక జీతం కోసం ఎర్రకోటు తొడుక్కున్న బీదవాళ్ళు వాళ్ళలో ఎంతోమంది. నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఏర్పడిన సికిందరాబాదు కంటోన్మెంటుకి వచ్చిన పటాలాల్లోనూ అలాంటివాళ్ళున్నారు. వాళ్ళ ప్రార్థనల కోసం మద్రాసు మీదుగా వచ్చిన పాదిరీ మర్ఫీ.

గుడి 1850లో పూర్తయింది. ఆ ఏడు చూడగానే ఆగిపోయాను. ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్ళి కరువు మొదలైంది 1845లో. 1852 వరకూ అది పీడించింది. సుమారు పది లక్షలమంది చచ్చిపోయారు, మరో పది లక్షలమంది దేశం వదిలి ఓడలెక్కారు. బాగా దెబ్బతిన్న చోట్లలో కార్క్ ఒకటి. అక్కడ శవాలు పూడ్చడానికి మనుషులు దొరకని రోజుల్లో ఇక్కడ, దక్కను ఎండలో, ఆ ఊరివాడు ఈ గోడలు లేపుతున్నాడు. ఇంటి నుంచి ఉత్తరం రావడానికే నెలలు పట్టే కాలం. చందా వేసిన సిపాయికి అమ్మ బతికుందో లేదో తెలిసే వీలుండేదా?

దీంతో వాళ్ళు వలస పాలనకి బయటివాళ్ళని నేననడం లేదు. తుపాకీ పట్టుకున్నది వాళ్ళే. నిజాము నెత్తిన కూర్చున్న సైన్యం వాళ్ళదే. అణిగిన జాతివాడు ఇంకో జాతిని అణిచే పనికి జీతానికి కుదరడం చరిత్రలో కొత్త కాదు. మన తెలుగు సిపాయిలు కంపెనీ కోసం ఎక్కడెక్కడ యుద్ధాలు చేశారో లెక్క తీస్తే మనకీ ఇబ్బందే. నేను చెప్పేదల్లా, 'తెల్లవాళ్ళ చర్చి' అన్న నా లేబుల్ చాలా బద్ధకంగా అంటించిందని.

మర్ఫీ తర్వాతి జీవితం ఇంకా విచిత్రం. హైదరాబాదుకి బిషప్పయి, ఆరోగ్యం పాడై, 1860ల మధ్యలో ఆస్ట్రేలియా కింద ఉన్న టాస్మేనియాకి బదిలీ అయ్యాడు. అక్కడ హోబర్ట్‌కి మొదటి ఆర్చిబిషప్పయి, 1907లో తొంభై రెండో ఏట పోయాడు. దక్కను వేడికి తట్టుకోలేడన్న మనిషి మరో నలభై ఏళ్ళు బతికాడు. మన వేడి మంచిదే అనుకోవాలి.

ఇక అసలు సంగతి. 1851లో రోము హైదరాబాదుని వేరే వికారియేటుగా చేసింది. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కథీడ్రల్ వచ్చేదాకా ఆ పీఠానికి పెద్ద గుడి ఈ సెయింట్ మేరీసే. ఆ పీఠం హద్దులు చూస్తే నాకు నవ్వొచ్చింది. నిజాం తెలంగాణ, కంపెనీ చేతిలోని మచిలీపట్నం ఒకే బిషప్పు కింద! 1956లో ఆంధ్ర, తెలంగాణ కలవడానికి నూటయిదేళ్ళ ముందే ఎవరూ పట్టించుకోని పటమొకటి వాటిని కలిపేసింది. మర్ఫీ కాలంలోనే, 1855లో, ఇటలీలోని మిలాన్ నుంచి పాదిరీలు రావడం మొదలైంది; క్రమంగా పీఠమంతా వాళ్ళ చేతికొచ్చింది. కృష్ణా జిల్లా పల్లెల్లో తిరిగింది వాళ్ళే. గుణదలలో అనాథాశ్రమం చూసుకుంటూ 1924లో కొండ తొర్రలో మరియమాత విగ్రహం పెట్టిన ఫాదర్ ఆర్లాటి కూడా ఆ ఇటలీ బృందంవాడే. బెజవాడ హైదరాబాదు నుంచి విడిపోయింది 1933లో. అంటే మా నాయనమ్మ మొక్కుకున్న తల్లి వెలిసేనాటికి గుణదల హైదరాబాదు పీఠంలో భాగం. నేను 'మనది' అనుకున్నది, 'వాళ్ళది' అనుకున్నదానికి చెల్లెలు వరస. (2022లో మమ్మల్ని కృష్ణా జిల్లా నుంచి తీసి ఏలూరులో కలిపినప్పుడు ఊళ్ళో పడ్డ గొడవ గుర్తొచ్చింది. పటాలు మార్చడం పాలకులకి సరదా.)

మరి గుణదలే ఎందుకు మనదయింది? కొండ, తిరునాళ్ళు, తలనీలాలు, కొబ్బరికాయ ఉన్నాయి గనక అనేది తేలికైన జవాబు. నాకు భాష కూడా కనిపిస్తుంది. తెలుగు కేథలిక్కులు చర్చిని గుడి అంటారు. దేవుణ్ణి సర్వేశ్వరుడంటారు. పూజ దివ్యబలిపూజ, డయోసీస్ పీఠం, పారిష్ విచారణ. మా మిత్రుడు "మా విచారణ గురువులు" అన్నప్పుడల్లా నాకు పోలీస్ స్టేషన్ గుర్తొస్తుంది గానీ, ఆ మాటల వెనక పద్దెనిమిదో శతాబ్దిలో ఫ్రెంచి జెసూట్లు కర్ణాటక మిషన్లో చేసిన సాధన ఉంది. పింగళి ఎల్లనార్యుడి తోభ్య చరిత్ర, మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనం ఆ మాటల్లోంచే పుట్టాయి. మన సాహిత్య చరిత్రల్లో వాటికి దొరికే చోటు ఒకటి రెండు పేరాలు. పద్యం బాగోలేక కాదనే నా అనుమానం.

ఆ ఆదివారం సంగతి ఒకటి మిగిలింది. మిత్రుడు కొవ్వొత్తి వెలిగించి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను ఫోను తీశాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దురా. ఎక్కడన్నా పెడతావ్."

నాకు వెంటనే అర్థం కాలేదు. బయటికొచ్చి టీ తాగుతున్నప్పుడు చెప్పాడు. వాడి సర్టిఫికెట్లో ఉన్నది హిందూ ఎస్సీ. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాదు. మన రాష్ట్రంలో బీసీ-సీ కింద వస్తాడు, దాని వాటా ఒక్క శాతం. తర్వాత సిక్కులకి, బౌద్ధులకి సడలించారు గానీ వీళ్ళకి లేదు. గుడిలో వాడికి ఒక పునీతుడి పేరు, కాలేజీలో ఇంకో పేరు. నాలుగేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాం, మొదటి పేరు నేనెప్పుడూ అడగలేదు.

"మీ నాయనమ్మ గుణదల వచ్చేది కదరా," అన్నాడు గ్లాసు కింద పెడుతూ. "ఆవిణ్ణి ఏ సర్టిఫికెట్టూ అడగలేదు."

ఇద్దరం నడుచుకుంటూ క్లాక్ టవర్ దాకా వచ్చి బస్సెక్కాం. టికెట్లు వాడే తీశాడు.