మడికొండలో కరువు పని

ఎండాకాలం వచ్చిందంటే మా మడికొండలో తెల్లారకముందే గడ్డపారలు, పారలు, తట్టలు బయటికొచ్చిన రోజులున్నాయి. మావాళ్లు కరువు పని అనేవారు. సర్కారు కాగితాల్లో అది జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. తొలి విడత 200 జిల్లాల్లో మా వరంగల్ ఒకటి.

అంతకు ముందు ఇలాంటి పనులు లేవని కాదు. 1977లో పనికి ఆహారం, 1989లో జవహర్ రోజ్‌గార్ యోజన వచ్చాయి. అయితే అవి సర్కారు దయ తలిస్తే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. 2005 చట్టంతో పని హక్కయింది. ఇంటికి ఏడాదికి 100 రోజులు. అడిగిన 15 రోజుల్లో పని చూపించాల్సి ఉండేది, చూపకపోతే భృతి ఇవ్వాల్సి ఉండేది. కాంట్రాక్టరుకు అందులో చోటు ఉండేది కాదు.

చెరువు పూడిక పని ఎట్లా సాగేదో ఈ కాలం పిల్లలకు చెప్పాలి. జట్టుకింత అని ముగ్గు పోసి జాగా చూపేవారు. మగవాళ్లు గడ్డపారతో పెళ్లగిస్తే ఆడవాళ్లు తట్టలకెత్తి గట్టు మీద పోసేవారు. గుంత నడుమ కొంత మట్టి తవ్వకుండా దిమ్మెలా వదిలేవారు. ఎంత లోతు తవ్విందీ ఆ దిమ్మెను చూసి కొలిచేవారు, కూలి ఆ కొలతను బట్టే. ఎండకు నేల గట్టిపడి గడ్డపార దిగదు కనుక వేసవి నెలల్లో కొలతలో కొంత సడలింపు ఉండేది. ఆ రోజుల్లో రోజు కూలి 80 రూపాయలు. పొలం పనిలో మగవాళ్లకు ఒక కూలి, ఆడవాళ్లకు అంతకన్నా తక్కువ. ఇక్కడ ఇద్దరికీ ఒకటే రేటు. నా దృష్టిలో ఈ పథకం మా ఊరికి చేసిన పెద్ద మేలు అదే. పత్తి చేల దగ్గర కూలి బేరమాడే ధైర్యం మా ఆడవాళ్లకు ఇక్కడి నుంచే వచ్చింది.

ఆ తర్వాత వరంగల్ చుట్టూ ఉన్న 42 ఊళ్లను నగరపాలక సంస్థలో కలిపారు. మడికొండ, హసన్‌పర్తి, మామునూరు అన్నీ పట్నంలో భాగమయ్యాయి. 2015లో గ్రేటర్ అనే పేరూ వచ్చింది. చట్టం గ్రామీణ ప్రాంతాలకే కాబట్టి పంచాయతీ పోవడంతోనే జాబ్ కార్డులూ చెల్లకుండా పోయాయి. ఊరు మారింది గాని కూలికి పోయే మనుషులు మారలేదు. ఐటీ పార్కు మా ఊళ్లోనే వెలిసింది, చదువుకున్న పిల్లలకు మంచిదే. కానీ గడ్డపార పట్టిన యాభై ఏళ్ల మనిషికి అక్కడేం పని దొరుకుతుంది? పొద్దున్నే అడ్డా మీద నిలబడాలి, పిలిస్తే పోవాలి, లేదంటే తిరిగి రావాలి. 2020 లాక్‌డౌన్‌లో పట్నాల నుంచి తిరిగొచ్చినవాళ్లను పల్లెల్లో ఈ పనే ఆదుకుంది. మా ఊళ్లో ఆ ఆసరా లేదు.

వరంగల్‌లో ఆజంజాహి బట్టల మిల్లు మూతపడినప్పుడూ ఇదే చూశాం. 1934లో నిజాం కట్టించిన ఆ మిల్లు ఎన్నో ఇళ్లకు కూడు పెట్టింది. అది పోయాక నగరంలో ఫలానా పని ఇస్తామని హామీ ఇచ్చే చట్టమేదీ ఆ కార్మికులకు లేదు.

నగరంలో పని హామీ సాధ్యం కాదంటే నేను ఒప్పుకోను. కేరళ 2010లోనే అయ్యంకాళి పేరిట పట్టణ ఉపాధి హామీ తెచ్చింది. రాజస్థాన్ 2022లో 100 రోజులతో మొదలుపెట్టింది. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం తీసేసి 125 రోజుల కొత్త చట్టం చేసింది, అదీ పల్లెలకే.

గ్రేటర్ వరంగల్‌లో నాలాలున్నాయి, గుర్రపుడెక్క కమ్మిన చెరువులున్నాయి. ఏటా వానలకు కాలనీలు మునుగుతున్నాయి. చేయాల్సిన పని కళ్ల ముందే ఉంది, చేసే చేతులూ ఉన్నాయి. విలీన గ్రామాల కూలీలకైనా ఈ పని హామీ ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని, మా కార్పొరేటర్లను అడుగుతున్నాను. మీ డివిజన్‌లో మీరూ అడగండి.