వెతుకులాట, తడుములాట

పాత రాతల్లో ‘వెదకు’, ఇప్పటి వాడుకలో ‘వెతుకు’. దానికి ‘ఆడు’ చేరి వెతుకులాట పుట్టింది. ఇందులో ఆటేముంది, పోట్లాటలో, తోపులాటలో వినోదం ఉందా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఇక్కడ ‘ఆడు’ చెప్పేది పని ఆగకుండా సాగడాన్నే. అయినా 2005లో బిగ్ ఫిష్ గేమ్స్ తెచ్చిన ‘మిస్టరీ కేస్ ఫైల్స్: హంట్స్‌విల్’ లాంటి, జాబితాలోని వస్తువులను బొమ్మలో వెతికి పట్టుకునే కంప్యూటర్ ఆటలకు ఇంతకంటే తగిన తెలుగు పేరు లేదు. దాగుడుమూతలు అనలేం. అందులో కళ్లు మూసుకోవాలి, ఇక్కడ వస్తువులన్నీ కళ్లెదుటే ఉంటాయి.

వీటి మంచిచెడ్డలు తేల్చే మాట కూడా మనకుంది: తడుములాట. తడమడం చూపు పనిచేయనప్పుడు చేతులు చేసే పని. అల్మారా తలుపుకు బందులా అమర్చిన తాళంచెవి కనబడితే ‘అరె, ఇక్కడే ఉందే’ అనిపిస్తుంది. అది వెతుకులాట. అదే తాళంచెవిని చీకటి మూలలో నల్లగా కలిపేస్తే తెరంతా మౌస్‌తో నొక్కుకుంటూ పోవాల్సిందే. కష్టమే ఆటకు అందం కదా అంటారు కొందరు. కష్టం వేరు, కనబడకపోవడం వేరు. జాబితాలో ‘బ్యాట్’ అని రాసి గబ్బిలాన్ని పెట్టడం న్యాయమైన చిక్కే, ఎందుకంటే ఆలోచిస్తే విడిపోతుంది.

వెతకడాన్ని కావలితో పోల్చి చూడండి. కావలి ‘కాచు’ నుంచి వచ్చిన మాట. కాపు కాసేవాడికి ఏం వస్తుందో తెలియదు. వెతికేవాడికి ఏం కావాలో ముందే తెలుసు. ఆ తెలివిడికి విలువ లేని ఆటకు, బొమ్మలు ఎంత అందంగా ఉన్నా, మంచి మార్కులు వేయకండి.