ఎత్తుకు ఓర్పే మందు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలు సముద్రమట్టానికి రెండు వందల మీటర్లలోపు ఎత్తున ఉన్నవి. ఈ గాలికి అలవాటుపడిన మనవారు నేడు సుమారు 3,580 మీటర్ల ఎత్తున ఉన్న కేదార్‌నాథ్‌కు, అంతకంటె ఎత్తయిన అమర్‌నాథ్‌కు, లదాఖ్‌కు తరలి వెళ్తున్నారు. కనుక ఎత్తు మానవదేహాన్ని ఏమి చేస్తుందో మానవుడు నేర్చుకున్న చరిత్రను మీరు తెలుసుకోవడం అవసరం.

ఎంత ఎత్తుకు పోయినా గాలిలో ప్రాణవాయువు వాటా ఇంచుమించు 21 శాతమే. తగ్గేది వాయుపీడనం. ఎవరెస్ట్ శిఖరంపై అది సముద్రతీరంలోని దానిలో మూడవ వంతు మాత్రమే. 1875లో ‘జెనిత్’ అనే బెలూన్‌లో ముగ్గురు ఫ్రెంచివారు కొద్ది గంటల్లోనే ఎనిమిది వేల మీటర్ల వరకు ఎగిరారు. ప్రాణవాయువు సంచులు చెంతనే ఉన్నా అందుకునే శక్తి లేక ఇద్దరు మరణించారు. మరి మూడేళ్లకు, 1878లో, పాల్ బెర్ట్ అనే శాస్త్రవేత్త తన గ్రంథంలో ఈ అస్వస్థతకు మూలం ప్రాణవాయువు పీడనం తగ్గడమేనని నిరూపించాడు.

మన దేశానికి ఈ పాఠం 1962 యుద్ధకాలంలో అనుభవమైంది. మైదానాల నుండి హఠాత్తుగా హిమాలయాలకు చేరిన దృఢకాయులైన సైనికులే ఊపిరితిత్తులలో నీరు చేరి, మెదడు వాచి ప్రమాదంలో పడ్డారు. భారత సైనిక వైద్యులు 1,925 మంది సైనికులను పరిశీలించి 1969లో ప్రచురించిన పరిశోధనను ప్రపంచ వైద్యలోకం నేటికీ స్మరిస్తుంది.

ఈ జ్ఞానం వెంట ఉంటే ఏమి సాధ్యమో 2014 మే 25న లోకం చూసింది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్లయినా నిండకముందే, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుండి ఎవరెస్ట్ శిఖరాన్ని అధిరోహించింది. ఆ బిడ్డలు తొలిపాఠాలు నేర్చినది భువనగిరి కోట రాతికొండపైనే. నాడు అదీ, మన మూడు పట్టణాలూ ఒకే నల్లగొండ జిల్లాలోనివి. అటు పిమ్మట డార్జిలింగ్‌లో, లదాఖ్‌లో శిక్షణ పొంది, ఎవరెస్ట్ పాదం వద్ద వారాల తరబడి దేహాన్ని ఆ గాలికి అలవాటు చేసుకున్న తరువాతనే వారు శిఖరానికి సాగారు.

మరి మీరో? సెలవు దినాలు లెక్కించుకొని, విమానంలో దిగిన నాడే కొండ ఎక్కనెంచుతారు. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచవద్దు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక దినం ఆగండి. తలనొప్పి, వికారం, తల తిరగడం కనిపిస్తే పైకి పోవద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, అడుగు తడబడినా, మాట తేడాగా ఉన్నా రాత్రి అని చూడక వెంటనే కిందికి దిగండి. గుండెజబ్బు, ఉబ్బసం, రక్తహీనత గలవారు ప్రయాణానికి ముందే వైద్యుని సంప్రదించాలి.

దేహదారుఢ్యం ఎత్తు నుండి రక్షణ ఇవ్వదు. రక్షించేది నెమ్మదితనమే. కొండ ఎక్కడికీ పోదు. ఈ ఏడు దర్శనం కాకుంటే మరుసటి ఏడు అవుతుంది, మీరు క్షేమంగా ఇల్లు చేరితే.