పూలకుండ, పూలతాంబాళము

పూవునకు ఆయుర్దాయము తక్కువ. ఈ సత్యమునెరిగి ఐరోపాలో, నేటి బెల్జియము ఉత్తర భాగమైన ఫ్లాండర్సునందు చిత్రకారులు కుంచె పట్టిరి. ఇక్కడ, హైదరాబాదునకు దక్షిణముననున్న శంషాబాదు పల్లెలలో మన ఆడపడుచులు తాంబాళము పట్టిరి. ఈ రెండింటిని ఒకచోట నుంచి చూడవలెనని మా ఉద్దేశము.

పూలకుండ నొక్కదానినే వస్తువుగా గైకొని చిత్రించు సంప్రదాయము ఫ్లాండర్సునందు 1600 ప్రాంతమున బలపడెను. ఆంట్‌వెర్ప్ నగరవాసి యాన్ బ్రూగెల్ (1568-1625) అందు అగ్రగణ్యుడు. 1606లో మిలాను నగరపు మతాచార్యుడు ఫెదెరీకో బొరోమియో కొరకు ఆయన యొక పూలచిత్రమును వ్రాసెను. తన ఊర దొరకని పూవులను స్వయముగా చూచి వ్రాయుటకు బ్రస్సెల్సు వరకు పోయెను. ఒక్కొక్క పూవు పూచు వేళకై వేచియుండి, నెలల తరబడి శ్రమించి చిత్రమును ముగించెను. కనుకనే వసంతపు పూవును వేసవి పూవును అందు కలిసి పూచినట్లుండును. ఏ తోటలోను అట్టి సంగమము జరుగదు.

ఆ పూవులకు ఆనాటివారు అర్థములు చెప్పుకొనెడివారు. తెల్ల లిల్లీ కన్య మరియమ్మ నిర్మలత్వమునకు గుర్తు. సీతాకోకచిలుక పునరుత్థానమునకు గుర్తు. కుండ మొదట రాలిన రేకు, ఆకుపై వ్రాలిన ఈగ జీవితము క్షణికమని హెచ్చరించును. అయినను ప్రతి పూవును సంకేతమే యనుకొనరాదు. అరుదైన పూవులపై మోజును, వాటిని కొనగల ధనికుల గర్వమును ఆ కుండలలో కలవు. బొరోమియో చిత్రమున కుండ మొదట నాణెములు, గవ్వలు, ఆభరణము కనిపించును.

ఆ కుండలలో మనకు పరిచయమైన పూవొకటి కలదు. అది బంతిపూవు. దాని పుట్టినిల్లు మెక్సికో. 16వ శతాబ్దమున ఓడనెక్కి ఐరోపా చేరెను. 1542లో జర్మను వైద్యుడు ఫుక్సు తన ఓషధీగ్రంథమున దాని బొమ్మ వేయించెను. సముద్రవ్యాపారమే దానిని మన దేశమునకును తెచ్చెను. నేడు పండుగనాడు బంతి లేని గుమ్మమును మనమూహింపలేము. ఆ పరదేశి పూవు మన యింటి కోడలైనది.

బతుకమ్మలోను బంతికి చోటు కలదు. కాని పెద్దపీట తంగేడుకు, గునుగుకు. తాంబాళమున ఆకులు పరచి, వరుసమీద వరుస పేర్చి, శిఖరమున పసుపు గౌరమ్మను నిలిపెదరు. పెత్రమాస నాడు మొదలైన పండుగ తొమ్మిదవనాడు సద్దులతో ముగియును. ఆడిపాడి బతుకమ్మను చెరువున సాగనంపెదరు. బ్రూగెల్ పూవును వాడకుండ నిలుపజూచెను. మన ఆడపడుచులు దానిని నీటికర్పించి, మరుసటి యేడు మరల పేర్చెదరు. చిత్రమున రూపము నిలిచినది. ఇక్కడ పేర్చు నేర్పు తల్లినుండి బిడ్డకు వచ్చినది.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము సుమారు 5,500 ఎకరముల ఆవరణలో ప్రారంభమైనది. చుట్టుపట్ల భూములు ఇండ్ల స్థలములుగా మారుచు వచ్చినవి. చలువపెట్టెలలో నుంచిన పూవులు నేడు విమానమున దేశములు దాటుచున్నవి. వేర్వేరు ఋతువుల పూవులు ఒకే కుండలో చేరుచున్నవి. బ్రూగెల్ ఊహ నిజమైనదనవచ్చును. కాని తంగేడు త్రోవ వేరు. ఎవరును విత్తకయే అది బీళ్లలోను గట్లమీదను పూచును. 2014లో దానిని తెలంగాణ రాష్ట్రపుష్పముగా ప్రకటించిరి. బీడు పోయినచో ఆ రాష్ట్రపుష్పమునే అంగడిలో కొనవలసివచ్చును.

మిలానులోని అంబ్రోసియానా చిత్రశాలలో ఆ పూలకుండ నేటికిని భద్రముగా నున్నది. బతుకమ్మను చిత్రశాలలో దాచుటకు వీలు లేదు. దానికి చెరువు కావలెను, తంగేడు పూచు నేల కావలెను. క్రొత్త కాలనీలకు పటములు గీయువారు ఒక చెరువుగట్టును, కొంత బీడును విడిచిపెట్టిన చాలును. తక్కినది మన ఆడపడుచులు చూచుకొందురు.