దేహం ఎవరి సొత్తు?

ఒకరి అవయవాన్ని మరొకరికి అమర్చడంపై ఇస్లాంలో నడిచిన వాదాన్ని మొదట చదివినప్పుడు, యిది మతానికీ వైద్యశాస్త్రానికీ మధ్య తగాదా అనుకొన్నాను. అది పొరపాటు.

వాదానికి మూలం వొక్కటే: దేహం మనిషి సొత్తు కాదు, దైవం అతని చేతికిచ్చిన అమానతు. చనిపోయినవాని ఎముక విరవడం బ్రతికినవాని ఎముక విరవడంతో సమానమన్న హదీసూ వుంది. అయితే గత్యంతరం లేని అవసరం నిషేధాన్ని సడలిస్తుందన్నది కూడా ఫిఖ్ శాస్త్రంలో పాత సూత్రమే. ఆ దారినే 1959లో ఈజిప్టు ముఫ్తీ హసన్ మామూన్ మృతుల కంటిపొరను అంధులకు అమర్చవచ్చునన్నారు. 1976లో మన్సూరాలో మూత్రపిండ మార్పిడి మొదలయింది. కాని 1980ల చివర, టెలివిజన్ ద్వారా ఇంటింటికీ తెలిసిన షేక్ షారావీ అడ్డు చెప్పారు: తనది కానిదానిని మనిషి ఎట్లా దానం చేస్తాడు?

యీ ప్రశ్న కొట్టిపారవేయదగింది కాదు. 1988లో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ వేరొక జవాబు చెప్పింది. దాత సమ్మతించాలి, అతని ప్రాణానికి ముప్పు రాకూడదు. మృతుడైతే అతడు ముందే సమ్మతించి వుండాలి, లేదా వారసులు ఒప్పుకోవాలి. అప్పుడు దానం చెల్లుతుంది. అమ్మకం మాత్రం ఏ స్థితిలోనూ చెల్లదు. తనది కానిదానిని ఇవ్వరాదని షారావీ అంటే, తనది కానిదానిని అమ్మరాదన్న అర్థం నాకు జెద్దా తీర్మానంలో కనిపించింది. బీదవాని దేహానికి యీ రెండవ అర్థమే రక్ష.

అయితే ఆ తీర్మానంలోనే వొక సందు మిగిలింది. అవసరంలో వున్న రోగి అవయవం కోసం సొమ్ము ఖర్చుపెట్టడం, దాతకు బహుమానమివ్వడం తగునా అన్నది పండితుల విచారణకు వదిలారు. నేను ఒప్పుకోలేనిది అక్కడే. అమ్మేవానికి నిషేధం, కొనేవానికి విచారణా?

యీ సందులోనుంచే బజారు లోపలికి వస్తుంది. ఈజిప్టులో వాదం సాగినంతకాలం సమగ్రమైన చట్టం రాలేదు. కైరో బీదలు మూత్రపిండాలు అమ్ముకొంటూనే వచ్చారు. మృతుని లిఖితపూర్వక సమ్మతితో అవయవాలు తీసుకోవడానికి అనుమతించి, విక్రయాన్ని నేరం చేసిన చట్టం 2010లో గాని రాలేదు. ఇరానులోనైతే 1988 నుంచి నియమాల కిందనే బంధువులు కాని దాతలకు సొమ్ము ముట్టింది. ఆ దాతలలో అధికులు లేనివారే.

ఇది ముస్లిం దేశాల కథ మాత్రమే అనుకోవడానికీ లేదు. మన దేశం 1994లో అవయవ విక్రయాన్ని నేరంగా చట్టం చేసింది, బేరాలు ఆగలేదు. మత పండితులనడిగినా, చట్టసభలనడిగినా ప్రశ్న వొక్కటే: ఇచ్చేవాడు దాతా, అప్పులవాడా? దానిని తేల్చకుండా దానధర్మాల గురించి ఎంత మాట్లాడినా ఏం లాభం?