పాత కార్లలో అనవసర ఇంజన్ అనుబంధ యంత్రాల తొలగింపు

ఇంజన్ క్రాంక్‌షాఫ్ట్ ముందు కొనకు బిగించిన పుల్లీ నుంచి బెల్టు ద్వారా శక్తిని తీసుకొని, చక్రాలను తిప్పడంతో నేరుగా సంబంధం లేని పనులు చేసే యంత్రాలను అనుబంధ యంత్రాలు లేదా యాక్సెసరీలు అంటారు. నీటి పంపు, ఆల్టర్నేటర్, పవర్ స్టీరింగ్ పంపు, ఏసీ కంప్రెసర్, పొగలోని కాలుష్యాన్ని తగ్గించే గాలి పంపు ఈ కోవలోనివి. వీటిలో పాడైపోయినవాటిని, యజమానికి అక్కర లేనివాటిని ఇంటి దగ్గరే విప్పి తీసివేసే అలవాటు అమెరికాలో 1960, 1970 దశకాల కార్లను పోషించుకునేవారిలో బాగా వ్యాపించింది. అక్కడ లక్షల కార్లలో వాడిన షెవర్లే స్మాల్-బ్లాక్ వీ8 ఇంజన్ (1955), ఫోర్డ్ మస్టాంగ్ ఇంజన్లు ఈ పనికి మంచి ఉదాహరణలు.

ఈ యంత్రాలన్నీ ఒకేసారి ఇంజన్ మీదికి రాలేదు. ప్యాకార్డ్ సంస్థ 1940 మోడల్‌లో ఏసీని, క్రైస్లర్ 1951 ఇంపీరియల్‌లో పవర్ స్టీరింగ్‌ను ప్రవేశపెట్టాయి. కాలిఫోర్నియా రాష్ట్రం 1966 మోడల్ కార్లకు పొగ గొట్టపు ఉద్గారాలపై పరిమితులు విధించగా, 1968 మోడళ్ల నుంచి అవి దేశమంతటికీ వర్తించాయి. వాటిని అందుకోవడానికి జనరల్ మోటార్స్ 'ఎయిర్ ఇంజెక్షన్ రియాక్టర్' పేరుతో, ఫోర్డ్ 'థెర్మాక్టర్' పేరుతో ఒక గాలి పంపును అమర్చాయి. ఎగ్జాస్ట్ వాల్వు దాటి వచ్చే వేడి పొగలోకి ఈ పంపు తాజా గాలిని నెడితే, సిలిండర్‌లో కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడ్ అక్కడే మండిపోతాయి. క్రైస్లర్ తొలినాళ్లలో పంపు జోలికి పోకుండా కార్బురేటర్ మిశ్రమాన్నీ ఇగ్నిషన్ టైమింగ్‌నూ సవరించి అదే పరిమితిని అందుకుంది. ఇలా పదిహేనేళ్లలో ఇంజన్ ముందు భాగం మూడు నాలుగు బెల్టులతో, ఒకదానిపై ఒకటి ఆనుకున్న బ్రాకెట్లతో నిండిపోయి, స్పార్క్ ప్లగ్గు మార్చడానికైనా చెయ్యి దూరని స్థితి వచ్చింది.

తొలగింపు వల్ల కలిగే లాభం గురించి ఉన్న అంచనాలు చాలావరకు అతిశయోక్తులే. ఏసీ ఆపి ఉన్నప్పుడు కంప్రెసర్ పుల్లీ మాత్రమే బేరింగుపై తిరుగుతుంది కాబట్టి అది ఇంజన్ నుంచి తీసుకునే శక్తి నామమాత్రం. గాలి పంపు కూడా తేలికగా తిరిగేదే. దాన్ని తీసేసినంత మాత్రాన బండి వేగం పెరిగినట్లు డ్రైవర్‌కు తెలియదు. నిజమైన లాభం బరువు తగ్గడంలో, ఇంజన్ చుట్టూ చోటు దొరకడంలో, పట్టేసిన కంప్రెసర్ బెల్టును తెంపే ప్రమాదం తప్పడంలో ఉంది. ముఖ్యంగా క్రైస్లర్ వాడిన పోత ఇనుప 'ఆర్‌వీ2' వంటి కంప్రెసర్లు, వాటి బ్రాకెట్లు, కండెన్సర్ కలిపి చూస్తే ముందు చక్రాలపై భారం బాగానే తగ్గుతుంది.

ఏసీ తొలగింపులో మొదటి పని స్పానర్‌తో మొదలు కాదు. ఆ కాలపు కార్లలో వాడిన శీతలీకరణ వాయువు ఆర్-12 ఓజోన్ పొరను దెబ్బతీసే రసాయనం. 1987 మాంట్రియల్ ఒప్పందం దాని ఉత్పత్తికి కళ్లెం వేయగా, అమెరికాలో 1992 జూలై 1 నుంచి దాన్ని ఉద్దేశపూర్వకంగా గాలిలోకి వదలడం నేరమైంది, 1995 చివరికి కొత్తగా తయారీ కూడా ఆగిపోయింది. ఆర్-12 సాధారణ వాతావరణ పీడనం వద్ద సుమారు మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది కాబట్టి, ఒత్తిడితో ఉన్న గొట్టాన్ని వదులు చేస్తే చిమ్మే ద్రవం చర్మాన్ని, కంటిని గడ్డకట్టించి గాయపరుస్తుంది, మంటను తాకితే విషవాయువులు పుడతాయి. అందువల్ల గొట్టాలు ముట్టుకోకముందే లైసెన్సు ఉన్న ఏసీ దుకాణంలో యంత్రంతో వాయువును వెనక్కి తీయించుకోవాలి. ఇంట్లో చేసుకోదగిన పని ఆ తర్వాతే మొదలవుతుంది.

వాయువు తీయించాక కంప్రెసర్‌నూ, రేడియేటర్‌కు ముందుండే కండెన్సర్‌నూ విప్పుతారు. కండెన్సర్ తీస్తే రేడియేటర్‌కు గాలి ధారాళంగా అందుతుంది. ఏసీ ఉన్న కార్లకు కంపెనీ పెద్ద రేడియేటర్‌ను, మెరుగైన ఫ్యాన్‌ను ఇచ్చి ఉంటుంది, వాటిని మాత్రం ఉన్నచోటే ఉంచడం మేలు. కంప్రెసర్ క్లచ్‌కు వెళ్లే తీగ కొనను టేపు చుట్టి కట్టకపోతే అది ఇంజన్ బాడీకి తగిలి ఫ్యూజు పోతుంది. డ్యాష్‌బోర్డు కింద ఉండే ఎవాపరేటర్ చాలా కార్లలో హీటర్ పెట్టెతో కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని కదపకుండా వదిలేయడమే తెలివైన పని.

ఈ తొలగింపులన్నిటిలో అసలు చిక్కు బ్రాకెట్లలో ఉంది. అప్పటి ఇంజనీర్లు ఒక్కో యంత్రానికి విడిగా ఆధారం కల్పించక, కంప్రెసర్ బ్రాకెట్టుకే ఆల్టర్నేటర్‌ను, పవర్ స్టీరింగ్ పంపు బ్రాకెట్టుకే గాలి పంపును తగిలించారు. అందుచేత ఒకటి తీస్తే ఇంకొకటి ఊగిసలాడుతుంది, ఆ యంత్రం లేకుండా తయారైన అదే మోడల్ కారు బ్రాకెట్టును తెచ్చి వేయాల్సి వస్తుంది. స్మాల్-బ్లాక్ షెవర్లేలో 1968 వరకు పొట్టి నీటి పంపు, 1969 నుంచి చాలా కార్లలో పొడవాటి పంపు వచ్చాయి. ఒకదాని పుల్లీలు, బ్రాకెట్లు రెండోదానికి వరుస కుదరవు. పాత సామాన్ల దుకాణంలో సంవత్సరం చూడకుండా కొన్న పుల్లీ బెల్టును పక్కకు లాగి కొద్ది రోజుల్లోనే పీచుపీచు చేస్తుంది.

బోల్టుల సంగతి ఇంకా సున్నితమైనది. బ్రాకెట్టు పోయాక పాత పొడవాటి బోల్టునే ఆ రంధ్రంలో తిరిగి బిగిస్తే, బ్రాకెట్టు మందం మేరకు అది లోపలికి ఎక్కువ దిగుతుంది. స్మాల్-బ్లాక్ షెవర్లే ఇంజన్ బ్లాకుకు ముందువైపు, కుడి పక్కన, పెట్రోలు పంపు దగ్గరున్న రంధ్రాలలో ఒకటి నేరుగా పంపును నడిపే పుష్‌రాడ్డు ఉన్న గొట్టంలోకి తెరుచుకుంటుంది. అందులో పొడవైన బోల్టు పడితే రాడ్డు బిగుసుకుపోయి కార్బురేటర్‌కు పెట్రోలు అందదు. రంధ్రాన్ని ఖాళీగా వదిలేస్తే అక్కడి నుంచి ఇంజన్ ఆయిల్ కారుతుంది. పొట్టి బోల్టుకు సీలెంట్ పూసి మూయడమే దీనికి తగిన పద్ధతి. పంపు మార్చే మెకానిక్కులు ఇదే రంధ్రంలో కాసేపు పొడవాటి బోల్టు పెట్టి, రాడ్డు జారిపడకుండా పట్టి ఉంచుతారు, పని కాగానే దాన్ని తీసి పొట్టిదాన్ని బిగిస్తారు.

బెల్టు విషయంలో వీ ఆకారపు పాత బెల్టులు సులువు, ఎందుకంటే ఒక్కో యంత్రానికి ఒక్కో బెల్టు ఉన్నచోట ఆ బెల్టును తీసేస్తే సరిపోతుంది. 1979 మస్టాంగ్‌తో ఫోర్డ్ ప్రవేశపెట్టిన సర్పెంటైన్ బెల్టు మాత్రం అన్ని పుల్లీలనూ చుట్టుకుంటూ పాములా సాగుతుంది. దాని దారిలోంచి ఒక పుల్లీ మాయమైతే బెల్టు వదులవుతుంది, లేదా నీటి పంపు పుల్లీని తగినంత మేర చుట్టదు. అప్పుడు తీసేసిన యంత్రం స్థానంలో ఊరకే తిరిగే ఐడ్లర్ పుల్లీని అమర్చాలి, లేదా కొత్త దారిని తాడుతో కొలిచి పొట్టి బెల్టు వేయాలి. వీ బెల్టును బిగించాక రెండు పుల్లీల మధ్య పొడవైన భాగాన్ని బొటనవేలితో నొక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు కుంగడం సరైన బిగువు. అంతకన్నా బిగిస్తే నీటి పంపు, ఆల్టర్నేటర్ బేరింగులు త్వరగా అరిగిపోతాయి.

పవర్ స్టీరింగ్ పంపును మాత్రమే తీసి గేర్ పెట్టెను అలాగే ఉంచడం మంచిది కాదు. ఆ పెట్టె పళ్ల నిష్పత్తి పంపు సాయాన్ని దృష్టిలో పెట్టుకొని కుదిర్చినది, పైగా లోపలి నూనె కూడా కదలికను అడ్డుకుంటుంది కాబట్టి స్టీరింగ్ మామూలు కారు కంటే బరువవుతుంది. కొన్ని బండ్లలో బ్రేకుకు బలమిచ్చే హైడ్రోబూస్ట్ కూడా ఈ పంపుతోనే పనిచేస్తుంది, అలాంటివాటిలో దాన్ని తాకరాదు. డీజిల్ కార్లలో బ్రేకు బూస్టర్‌కు శూన్యాన్ని ఇచ్చే వ్యాక్యూమ్ పంపుకూ ఇదే వర్తిస్తుంది.

గాలి పంపు తీసినవారు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులోకి దిగే దాని గొట్టాల రంధ్రాలను ఉక్కు ప్లగ్గులతో మూయాలి, లేకుంటే పొగ బయటికి కొడుతుంది. తుప్పుతో బిగుసుకుపోయిన ఆ గొట్టాల నట్లు బలవంతం చేస్తే విరుగుతాయి కాబట్టి ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి నానబెట్టడం అవసరం. అయితే చట్టం ఈ పంపును ఏసీతో సమానంగా చూడదు. అమెరికా స్వచ్ఛమైన గాలి చట్టానికి 1990లో చేసిన సవరణల తర్వాత ఉద్గార నియంత్రణ పరికరాన్ని పనిచేయకుండా చేయడం మరమ్మతు దుకాణాలకే కాక సొంత యజమానికి కూడా నిషిద్ధం. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్ల పెట్రోలు కార్లను క్రమం తప్పని పొగ పరీక్ష నుంచి మినహాయించినా, పరికరాలను తొలగించే స్వేచ్ఛను ఆ మినహాయింపు ఇవ్వదు. పాడైన పంపును బాగుచేయించుకోవడమే ఇక్కడ సరైన మార్గం, పొరుగువారు పీల్చే గాలి దృష్ట్యా కూడా అదే న్యాయం.

భారతదేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో కొన్నిటికి తరువాత తగిలించిన ఏసీలను విప్పేటప్పుడు బ్రాకెట్టు, బెల్టు, వాయువు గురించిన ఈ జాగ్రత్తలే వర్తిస్తాయి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు నమోదు పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. విప్పిన ప్రతి భాగాన్నీ, దాని బోల్టులతో సహా, పేరు రాసిన సంచిలో భద్రపరచడం ఎక్కడైనా మేలు. 1970 దశకంలో చెత్తలో పారేసిన గాలి పంపుల కోసం నేడు మూలరూపంలో కారును పునరుద్ధరించేవారు వెతుక్కుంటున్నారు, దొరికినప్పుడు మంచి ధర చెల్లిస్తున్నారు.