ఉడుతడి మహాదేవియక్క: వంశవిచారము

శ్రీశైలమును సేవింప వచ్చు యాత్రికులలోఁ గొందఱు మల్లికార్జున భ్రమరాంబల దర్శనమైన పిదపఁ గృష్ణలోఁ బడవనెక్కి యెగువకుఁ బోయి అక్కమహాదేవి గుహను జూచి వత్తురు. సహజముగా నేర్పడిన పెద్ద రాతితోరణము, కొండలోనికిఁ జొచ్చిన యిఱుకు బిలము, లోపల శివలింగము: అచటఁ గానవచ్చునది యింతియే. గుహ పేరు వినినవారెల్లరు నామె శివభక్తురాలని యెఱుఁగుదురు. ఆమె యెవరి కూఁతురు, పుట్టినయూరు విడిచి యింతదూర మేల వచ్చెను, ఆమెకు వివాహమైనదా లేదా యను ప్రశ్నలకు మాత్రము గ్రంథములు తలకొక సమాధానమును జెప్పుచున్నవి. ఈ విరోధము చిన్నది గాదు. ఆమె కథను వ్రాసిన కవులలో నొకఁడు భక్త్యతిశయముచే నామె జీవితమునందలి ముఖ్యఘట్టమునే తొలఁగించెను. తెలుఁగువారికిఁ జేరినది యాతఁడు చెప్పిన కథయే.

ముందుగా నామసామ్యమువలనఁ గలుగు భ్రమను వారింపవలెను. బసవపురాణము చదివినవారికి మహాదేవి యనఁగానే బెజ్జమహాదేవి జ్ఞప్తికి వచ్చును. శివునకుఁ దల్లి లేదుగదా యని వగచి, తానే యాతనికిఁ దల్లి కాఁబూనిన ముగ్ధురాలామె. ఉడుతడి మహాదేవి శివుని భర్తగా వరించినది. ఇరువుర నొక్కరిగాఁ జేయుట పొరపాటు. శ్రీశైలముననే ‘మల్లమ్మ కన్నీరు’ అను తావుతో సంబంధించిన హేమరెడ్డి మల్లమ్మయు వేఱు. ఆమె సంసారమున నుండియే మల్లికార్జునుని గొలిచిన రెడ్డి గృహిణి. ఇఁక ‘అక్క’ యనునది వయస్సునుబట్టి వచ్చిన పేరు గాదు. కల్యాణమునందలి శరణులలో మహాదేవి పిన్నది. పెద్దలు గౌరవముచే నట్లు పిలిచిరి. ఈ శబ్దమునకుఁ గన్నడమునను దెలుఁగునను రూపార్థము లొక్కటియే. మహాదేవి, అక్క యను పదముల నడుమ యకారము వచ్చుటయు నుభయభాషాసమ్మతమే.

ఆమె జన్మస్థానమును గూర్చి కవులకు వివాదము లేదు. అది యుడుతడి. కర్ణాటకమునందలి శివమొగ్గ జిల్లాలో, శికారిపుర తాలూకాలో, బళ్లిగావికిఁ జేరువనున్న గ్రామము. క్రీ. శ. 12వ శతాబ్దమున నాప్రాంతమునకు బనవాసి పన్నెండువేల నాఁడని పేరు. బళ్లిగావి దానికి ముఖ్యపట్టణము. అచటి కోడియమఠమును వర్ణించు 1162 నాఁటి శాసనము వ్యాకరణాభిమానులకు మిక్కిలి యింపైనది. ఆ మఠమునఁ గౌమార పాణినీయ శాకటాయనాది వ్యాకరణములు బోధింపఁబడుచుండెననియు, వేదాధ్యయనము జరుగుచుండెననియు, దీనులకును రోగులకును నన్నౌషధదానములు గలవనియు నందుఁ జెప్పఁబడినది. ఇంతటి విద్యాపీఠమునకుఁ గూఁతవేటు దూరమునఁ బుట్టినను మహాదేవి తన వచనములను సంస్కృతమునఁ జెప్పలేదు. ఆమె పేర నేఁడు దొరకుచున్న వచనములు సుమారు 430, అన్నియుఁ గన్నడమే. వచనకర్తలలో ముఖ్యుఁడైన అల్లమప్రభువునకును బళ్లిగావితో సంబంధము గలదు గాన, నాఁటి శైవవాఙ్మయమున కాసీమ యొక పుట్టినిల్లని చెప్పవచ్చును.

కథకు మూలములు ముఖ్యముగా రెండు. మొదటిది హరిహరకవి రచించిన మహాదేవియక్కన రగళె. హరిహరుఁడు హంపీ విరూపాక్షుని గొలిచినవాఁడు. ఆతని కాలము 12వ శతాబ్దాంతమును 13వ శతాబ్దాదియును. అనఁగా మహాదేవి కాలమునకు రెండుమూఁడు తరములలోపలివాఁడు. రెండవది చామరసుని ప్రభులింగలీలె. చామరసుఁడు విజయనగరమున రెండవ దేవరాయలు (1424-1446) ఏలుచుండఁగా నుండినవాఁడు. అక్కకు దాదాపు మూఁడువందల యేండ్లు తరువాతివాఁడు. పిడుపర్తి కవుల మూలమునఁ దెలుఁగున వెలసినది ఈ ప్రభులింగలీలయే. హరిహరుని రగళె యాంధ్రదేశమున నంతగాఁ బ్రచారము నొందలేదు.

తలిదండ్రుల నామముల మాట. చామరసుఁడు తండ్రిని నిర్మలుఁడనియుఁ దల్లిని సుమతియనియుఁ జెప్పెను. పిమ్మటివారు నిర్మలశెట్టి యని చేర్చి యామెను వైశ్యకులజాతగాఁ జేసిరి. ఈ నామములను జరిత్రాంశములుగా గ్రహింపవచ్చునా? ఆ కావ్యముననే యితరుల తలిదండ్రుల పేరులను బరిశీలించినచో సంగతి విశదమగును. అల్లమప్రభువు తండ్రి నిరహంకారుఁడు, తల్లి సుజ్ఞాని. అల్లముని మోహింపఁజేయ వచ్చిన మాయకుఁ దండ్రి మమకారుఁడు, తల్లి మోహిని. మమకారమునకు మోహముతోడి సంబంధమువలన మాయ పుట్టును. అహంకారరాహిత్యమునకు జ్ఞానముతోడి సంబంధమువలనఁ బ్రభుతత్త్వము పుట్టును. నిర్మలత్వమునకు సద్బుద్ధితోడి సంబంధమువలన మహాదేవి పుట్టును. ఇవి మనుష్యులకుఁ బెట్టిన పేరులు గావు, తత్త్వములకుఁ బెట్టిన పేరులు. చామరసుని మతమున మాయ పార్వతి తామసకళ, మహాదేవి యాయమ్మ సాత్త్వికకళ. కళ యెట్టిదో తలిదండ్రులును నట్టివారు గావలెను గదా! హరిహరుఁ డీపాటి నేర్పును జూపలేదు. తండ్రిని శివభక్తుఁడనియుఁ దల్లిని శివభక్తురాలనియు మాత్రమే చెప్పి యూరకుండెను. ఆతనికిఁ బేరులు తెలియకపోయి యుండును, తెలియనిదానిని గల్పింపలేదు. వంశచరిత్రము వ్రాయువారి కీ మౌనమే విలువైనది.

ఇతరదేశములతోఁ బోల్చినచో మనకుఁ గల చిక్కు బోధపడును. ఇంగ్లండునందు 1538 నుండియు గ్రామదేవాలయములలో జ్ఞానస్నాన వివాహ ఖననముల పట్టికలు వ్రాసి యుంచవలెనను నాజ్ఞ గలదు. అందుచేత 1634లో మతస్వాతంత్ర్యమునకై యోడనెక్కి యమెరికాలోని బోస్టను చేరిన ప్యూరిటను స్త్రీ ఆన్ హచిన్సను వంశమును దెలిసికొనుట కష్టము గాదు. ఆమె 1591 జూలై 20వ తేదీన ఆల్‌ఫర్డు గ్రామమున జ్ఞానస్నానము నొందినది. తండ్రి ఫ్రాన్సిస్ మార్బరీ యనెడు మతాచార్యుఁడు, మతాధికారులను విమర్శించి చెఱసాలకుఁ బోయినవాఁడు. కూఁతురును బోస్టనునందు మతాచార్యులను విమర్శించి, 1637లో విచారింపఁబడి, మఱుసటి యేఁట వెడలఁగొట్టఁబడినది. తండ్రి స్వభావము కూఁతున కెట్లు సంక్రమించినదో పట్టికలఁబట్టి చూపవచ్చును. మన శాసనములు రాజులవి, దాతలవి. భూమి నిచ్చినవారి పేరు శిలపై నుండును గాని, యిల్లు విడిచిపోయిన యాఁడుబిడ్డ పేరు శిలపైఁ జెక్కువా రెవరు?

వివాహవిషయమే యీ విచారమునఁ బ్రధానము. హరిహరుని కథ యిది. ఆయూరి యధిపతి కౌశికుఁడు వాహ్యాళికిఁ బోవుచు మహాదేవిని జూచి మోహించెను. ఆతఁడు శివదీక్ష లేనివాఁడు, వీరశైవుల భాషలో ‘భవి’. తలిదండ్రులను బెదరించి కన్యను గోరెను. తలిదండ్రులకుఁ గీడు రాకుండుటకై మహాదేవి యంగీకరించెను గాని, లింగపూజకు, జంగమసేవకు, గురుసన్నిధికిఁ దన కడ్డు రారాదని నియమము చేసెను. మూఁడు తప్పులవఱకు సహింతు ననెను. వివాహమైనది. కౌశికుఁడు మాట తప్పెను. మూఁడవ తప్పుతో నామె సర్వమును విడిచి, కట్టినవస్త్రమును విడిచి, కురులే వలువగాఁ గదలిపోయెను. చామరసుని కథలో వివాహమే లేదు. ఆమె రాజగృహమునకుఁ బోవును, నియమము చెప్పును, ఆతఁ డంగీకరింపకుండుటచే వెడలివచ్చును.

ఈ రెంటిలో నేది గ్రాహ్యము? పార్వతీకళయైన స్త్రీ భవికి భార్య యగుట తరువాతి భక్తులకు సహింపరానిదయ్యెను. కావున వివాహమును దొలఁగించుటకుఁ గారణము స్పష్టముగా నున్నది; లేని వివాహమును గల్పించుటకు హరిహరునకుఁ గారణ మేమియుఁ గానరాదు. ఆతఁడును బరమభక్తుఁడే, మహాదేవిని రుద్రకన్యక గానే వర్ణించెను. అయినను దన కింపుగాని సంగతిని విడువక చెప్పెను. ప్రాచీనుఁడును, ప్రయోజనాపేక్ష లేనివాఁడును జెప్పిన సాక్ష్యమే బలవత్తరము. మఱియొకటి. కౌశికుని పేరు రెండు గ్రంథములలోను గౌశికుఁడే. కుశికశబ్దము బిదాదిగణమునఁ బఠింపఁబడినది. గోత్రాపత్యార్థమున అఞ్ప్రత్యయము వచ్చి కౌశికశబ్ద మేర్పడినది. ఇది లోకమున వాడుకనున్న నామము. మమకారునివలె గుణమునుబట్టి కల్పించినది గాదు. చామరసుఁ డందఱి పేరులను దత్త్వములకు సరిపెట్టియు నీయొక్క పేరును మార్పలేకపోయెననఁగా, నది యప్పటికే జనులలో నాటుకొని యుండిన పేరని యూహింపఁదగును. (కౌశికశబ్దమునకు గుడ్లగూబ యను నర్థము గలదు గదా యని కొందఱు చమత్కరింపవచ్చును, చమత్కారము ప్రమాణము గాదు.)

వివాహము జరిగినదని యొప్పుకొనుటవలన నక్క మహిమకుఁ గొఱఁత యేమి? కన్యగా వెడలివచ్చుట యొకటి, భార్యగా వెడలివచ్చుట మఱియొకటి. రెండవదానికి 12వ శతాబ్దమున రాజబలమును, బంధుజనమును, ధర్మశాస్త్రమును నడ్డు నిలిచియుండును. వివాహమును దుడిచివేసిన కవి యామెను గాపాడితి ననుకొని యామె సాహసములో సగమును హరించెను.

అయితే వివాహపక్షమును సాధింపఁగోరి కొంద ఱామె వచనముల నర్థము చెప్పు రీతి సమ్మతింపఁదగినది గాదు. ఒక వచనమున నామె యత్తమామలను, మఱఁదులను బేర్కొన్నది గాన నత్తవారింట నిడుములఁ బడినదని వారి వాదము. ఆ వచనముననే యత్త మాయ, మామ సంసారము అని స్పష్టముగాఁ జెప్పఁబడినది. అది రూపకము, బంధువుల పట్టిక గాదు. చామరసుని తత్త్వనామములను జరిత్రముగాఁ గొనుట యెంత దోషమో, అక్క రూపకమును గృహకలహముగాఁ జదువుట యంతే దోషము.

ఇఁక ‘వంశ’ శబ్దార్థము నొకింత విచారింపవలెను. అవ్యయీభావప్రకరణమున సంఖ్యావాచకమునకు వంశ్యవాచకముతో సమాసమును విధించిన పాణిని సూత్రమునకు వృత్తికారులు వ్యాఖ్య వ్రాయుచు, వంశము విద్యచేతను జన్మముచేతను రెండువిధములని చెప్పిరి. వ్యాకరణము త్రిముని యనుచోఁ బాణిని కాత్యాయన పతంజలులు ముగ్గురు నొక్క వంశమువారగుట విద్యచేతనే గాని జన్మముచేతఁ గాదు. వీరశైవులమతమున దీక్షయే రెండవ జన్మము, దీక్షితుఁడు గురుకరజాతుఁడు. పూర్వపు కులగోత్రములు దానితోఁ దీఱును. కావున మహాదేవి జన్మవంశము ఉడుతడి, శివభక్తులైన తలిదండ్రులు, కౌశికుఁడు అను మూఁడు మాటలతో ముగిసినను, విద్యావంశము విస్పష్టముగనే యున్నది. చామరసుఁడును, 15వ శతాబ్దమునఁ గూర్పఁబడిన శూన్యసంపాదనెయు నామెను గల్యాణమునకుఁ దెచ్చి, అల్లమప్రభువుచేఁ బ్రశ్నింపఁజేసినవి. అల్లముఁడు మొదట నడిగినది భర్త యెవరనియే. ఆమె చెన్నమల్లికార్జునుని పేరు చెప్పెను. హరిహరుఁడు కల్యాణఘట్టమును జెప్పక యామెను నేరుగా శ్రీశైలమునకే నడిపించెను. అయినను బసవాదుల మీఁది భక్తి యామె వచనములలోనే యుండుటచేఁ గల్యాణపు శరణులతోడి సంబంధమును నిరాకరింప వీలులేదు. బసవేశ్వరుఁడు కొలువుచేసిన బిజ్జలుని పాలనము 1167 ప్రాంతమున ముగిసినది గాన నామె కల్యాణమున నుండినది యంతకుఁ బూర్వమే.

ఆమె శ్రీశైలమునకే యేల వచ్చెననుటకు సమాధానము వచనాంకితమున నున్నది. చెన్నమల్లికార్జునుఁ డనఁగాఁ జెలువుఁడైన మల్లికార్జునుఁడు. ‘చెన్న’ తెలుఁగు ‘చెన్ను’నకు సోదరశబ్దము. మల్లికార్జునపదమును మల్లెవలెఁ దెల్లనివాఁ డని యుపమానపూర్వపదకర్మధారయముగా విగ్రహింపవచ్చును. మల్లెతీఁగె యల్లుకొనిన మద్దిచెట్టు క్రింది దేవుఁడనియుఁ గొందఱందురు. స్థలపురాణము మఱియొక కారణమును జెప్పును. చంద్రవతి యను రాజకుమారి తండ్రి దుర్మోహమునకు వెఱచి యిల్లు విడిచి యీ కొండ నాశ్రయించి, మల్లెపూలతో లింగము నర్చించుటచే స్వామి కా పేరు వచ్చినదఁట. దానిని జరిత్రముగాఁ గొననక్కఱలేదు. అయినను ఇల్లు విడిచిన యాఁడుదానికి శ్రీశైలము శరణ్యమను భావము ప్రాచీనమని తేలుచున్నది.

కల్యాణమునుండి వచ్చువారికి శ్రీశైలపు నాలుగు ద్వారములలోఁ బశ్చిమద్వారమైన అలంపురము అనుకూలము. ఉత్తరమున ఉమామహేశ్వరము, తూర్పున త్రిపురాంతకము, దక్షిణమునఁ గడపసీమలోని సిద్ధవటము తక్కినవి. అక్క నల్లమలలోఁ బ్రవేశించి, కృష్ణాతీరమునఁ గదళీవనమున నైక్యమందినదని ప్రసిద్ధి. ఆమె వచ్చిన పిదపఁ బుట్టినింటివారు శ్రీశైలమునకు వచ్చి చూచిరనియు, కౌశికుఁడు సైతము భస్మరుద్రాక్షలు దాల్చి భక్తవేషమున వచ్చి వేఁడెననియు హరిహరుఁడు చెప్పెను. ఆమె కదలలేదు. శ్రీశైల మామెకుఁ బరదేశము గాదు, మెట్టినిల్లు.

నేఁటికిని ఉగాదికి వేలకొలఁది కన్నడయాత్రికులు కాలినడకను ఆత్మకూరుమీఁదుగా నల్లమల దాఁటి, పెచ్చెరువు, భీమునికొలను త్రోవను శ్రీశైలమునకు వచ్చుచుందురు. వారు భ్రమరాంబను దమ యింటి యాఁడుపడుచుగాను, మల్లికార్జునుని అల్లునిగాను భావించి, చీరసారెలను దెచ్చి సమర్పింతురు.